సంచి భుజాన, ఓరుగల్లు ఎదుట

వేసవి సెలవుల్లో ఊళ్లు చూడబోయేవారు రెండు రకాలు. ఇల్లంతా మూటగట్టుకుని కదిలేవారు కొందరు. ఒక్క సంచి భుజాన తగిలించుకుని కదిలేవారు మరికొందరు. మొదటి రకం వారు ఏ ఊరు వెళ్లినా చూసేది తమ సామానునే. పెట్టెలు లెక్కపెట్టడంతోనూ, కూలీతో బేరమాడడంతోనూ వారి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

వీపున సంచితో దేశాటనం ఈనాటి ఫ్యాషను అనుకుంటే పొరపాటు. ఏడవ శతాబ్దంలో చైనా నుంచి మన దేశానికి వచ్చిన హ్యుయాన్‌త్సాంగ్‌ను చిత్రకారులు వీపుమీద పుస్తకాల గంపతోనే చూపిస్తారు. ఆయన ఆంధ్రదేశం కూడా చూసి, 645లో తమ రాజధాని చాంగాన్ చేరుకున్నాడు. ఆ పట్టణమే నేటి షియాన్. మింగ్ చక్రవర్తుల కాలంలో, 14వ శతాబ్దిలో కట్టిన గోడ ఇప్పటికీ ఆ పాత నగరాన్ని చుట్టి ఉంది. దాని చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు. ఎండాకాలంలో యాత్రికులు గుంపులు గుంపులుగా వచ్చి, గోడమీదనే కొందరు నడిచి, కొందరు అద్దె సైకిళ్లెక్కి నగరాన్ని చుట్టివస్తారు.

షియాన్ దాకా వెళ్లి రావడం మనలో ఎందరికి సాధ్యం? కాని చెన్నూరు వంటి ఊళ్లో ఉన్నవారికి ఒక రాజధాని, ఒకటి కాదు మూడు గోడల రాజధాని, పూట ప్రయాణంలోనే ఉంది. అదే ఓరుగల్లు.

మే నెలలో మా వీధిలోని నాలుగు కుటుంబాలవాళ్లం పదమూడు మందిమి కలిసి బయలుదేరాం. మనిషికి ఒక్క సంచి అన్నది నిబంధన. రెండు జతల బట్టలు, తువ్వాలు, గొడుగు, నీళ్ల సీసా, అటుకులు, పల్లీలు, ఉప్పూ పంచదారా కలిపిన పొట్లం. ఇంతకుమించి తెచ్చినవారు తామే మోసుకోవాలి.

నిబంధన దగ్గర పేచీ రాలేదు. పక్కింటి అవ్వ దగ్గర వచ్చింది. అవ్వకు డెబ్భై దాటాయి. ఎండ నలభై నాలుగు డిగ్రీలు కాస్తూంటే ఆమెను కోటగోడల వెంట తిప్పడమేమిటని కుర్రకారు గొణిగారు. తీసుకువెళ్లి బసలో కూర్చోబెడదామన్నారు. అవ్వ విననే విన్నది.

"నన్ను గదిల కూసోబెట్టనీకి గంతదూరం ఎందుకు బిడ్డా? మా ఇంట్ల గది లేదా? నేను ఉరకలేను గని, నడువలేనా?" అన్నది. ఆమె సంచి అందరి సంచుల కన్నా చిన్నది కావడంతో ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరవాహిని. అందుకే మాకు ఆ తీరం క్షేత్రం. తెల్లవారుజామున బస్సెక్కి, భీమారం, జైపూరుల మీదుగా సుమారు 40 కిలోమీటర్లు వచ్చి, మంచిర్యాలలో రైలు పట్టుకున్నాం. స్టేషను దాటిన కొద్దిసేపటికి మళ్లీ గోదావరి. వంతెన మీద అందరూ కిటికీల దగ్గర చేరారు. ఇసుక తిన్నెల మధ్య సన్నని పాయలు తప్ప నీరు లేదు. అవ్వ మాత్రం చేతులు జోడించింది.

కాజీపేటలో దిగి హనుమకొండలో బస చేశాం. సాయంత్రం ఎండ తగ్గాక వేయి స్తంభాల గుడికి వెళ్లాం. రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయమిది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి ఒకే కప్పు కింద మూడు గర్భగుళ్లు. నల్లరాతి స్తంభాల నునుపులో మన ముఖం మసకగా కనిపిస్తుంది. ఎదుటనున్న కల్యాణమంటపాన్ని 2006లో రాయి రాయిగా విప్పి, తిరిగి నిలబెట్టి, 2024 శివరాత్రికి తెరిచారు. పిల్లలు స్తంభాలు లెక్కపెట్టబోయి, వందలోపే తగవులాడుకుని మానుకున్నారు.

మరునాడు ఆరు గంటలకల్లా కోట చేరాం. పాఠకులకు ముఖ్యంగా చెప్పదలచినది ఇక్కడే ఉంది. చాలామంది తొమ్మిదింటికి కారులో వచ్చి, తోరణాల దగ్గర దిగి, ఫోటో తీయించుకుని పదింటికి వెళ్లిపోతారు. వారు చూసింది తోరణాలనే. కోటను చూడలేదు. ఓరుగల్లు కోట బయటినుంచి లోపలికి నడిచి తెలుసుకోవలసినది.

అన్నిటికన్నా వెలుపల మట్టికట్ట ఒకటి. దాని అడ్డకొలత 12 కిలోమీటర్ల పైచిలుకు. దాని లోపల మరొక మట్టికోట. దానికీ లోపల అగడ్త, ఆపైన రాతికోట. గణపతిదేవుడు ఆరంభించిన రాతిగోడను ఆయన కుమార్తె రుద్రమదేవి ఎత్తు పెంచి పూర్తిచేసింది. సున్నం లేకుండా పేర్చిన రాళ్లు, 45 బురుజులు, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. ద్వారంలోకి తిన్నగా పోలేము. దారి మెలి తిరుగుతుంది. వచ్చిన శత్రువు వేగం అక్కడే తగ్గాలన్నది కట్టినవారి ఎత్తుగడ. అవ్వ వేగంతో నడిచాం గనుక ఆ మెలిక మాకు బోధపడింది.

రాతిగోడకు లోపలివైపు పొడుగునా మెట్లున్నాయి. ఏ మూల నుంచి ఆపద వచ్చినా సైనికులు ఆ మూలనే గోడ ఎక్కగలరు. మా కుర్రవాళ్లు గబగబా ఎక్కి, పైనుంచి కేకలు పెట్టారు. కింద రావిచెట్టు నీడన కూర్చున్న అవ్వ చుట్టూ ఒకసారి కలియజూసి అడిగింది:

"కోట గట్టిండ్రు, మంచిగనే ఉన్నది. గింతమంది జనానికి, గుర్రాలకు, ఏనుగులకు నీళ్లెక్కడియి బిడ్డా?"

మాలో చరిత్ర చదువుతున్న డిగ్రీ కుర్రవాడొకడున్నాడు. రాజుల పేర్లు, ఏండ్లు అతనికి కంఠతా వచ్చు. ఈ ప్రశ్నకు మాత్రం కాసేపు ఆగవలసి వచ్చింది. తరువాత అగడ్తను చూపించాడు. ఏకశిల గుట్ట పక్కనున్న చెరువును చూపించాడు. శివనగర్‌లోని మెట్లబావిని గురించి చెప్పాడు. అక్కడినుంచి మాట పెద్ద చెరువులమీదికి మళ్లింది. గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో తవ్వించిన పాకాల, అదే ఏడు వెలసిన రామప్పగుడి పక్కనున్న రామప్ప చెరువు, లక్నవరం. వాగుకు అడ్డంగా రెండు గుట్టల నడుమ కట్టవేసి వాన నీటిని నిలపడం వారి పద్ధతి. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరేటట్లు గొలుసుగా కట్టేవారు.

"గా చెరువుల్ల ఇప్పుడు నీళ్లున్నయా?" అన్నది అవ్వ.

"ఉన్నాయి. వాటికింద వరి పండుతూనే ఉంది."

"అయితే గదీ పని," అని అవ్వ లేచి నడిచింది.

కోట నడుమ స్వయంభూ దేవాలయం శిథిలాలున్నాయి. నలుదిక్కులా నాలుగు శిలాతోరణాలు మాత్రం చెక్కుచెదరలేదు. 2014లో తెలంగాణ రాజముద్రకెక్కింది ఈ తోరణమే. 1310లో మాలిక్ కాఫూర్ ముట్టడికి ప్రతాపరుద్రుడు కప్పం కట్టి బయటపడ్డాడు. 1323లో ఉలుఘ్ ఖాన్ నెలల తరబడి ముట్టడించి కోటను పట్టుకున్నాడు. మూడు గోడలూ, అగడ్తా ఉండి కూడా రాజ్యం నిలవలేదు. తరువాతి ఏలికల కాలపు ఖుష్ మహల్, వాలుగోడలతో, ఎత్తయిన కమానులతో ఆ పక్కనే ఉంది. వీటన్నిటి చుట్టూ ఖిలా వరంగల్ జనం కాపురాలు చేసుకుంటున్నారు. గోడ లోపలనే ఇళ్లు, బడులు, పచ్చని మళ్లు.

ఆ మళ్ల గట్టుమీద నిలబడి మేమందరం లెక్క వేసుకున్నాం. శత్రువును ఆపడానికి కట్టినవి ఒక రాజవంశాన్ని కాపాడలేకపోయాయి. వాన నీటిని ఆపడానికి కట్టినవి ఎనిమిది వందల ఏళ్లుగా, ఎందరు రాజులు మారినా, జనానికి అన్నం పెడుతున్నాయి. 2015లో చెరువుల పూడిక తీసే పథకానికి కాకతీయుల పేరు పెట్టడం ఉచితంగానే ఉంది. పిల్లలకు పాఠాల్లో వచ్చేది ఎక్కువగా ముట్టడులే. చెరువుల సంగతి ఎవరో ఒక అవ్వ అడిగితేనే బయటికి వస్తుంది.

పదిన్నరకల్లా ఎండ మండిపోసాగింది. బసకు తిరిగివచ్చి, సాయంత్రం దాకా కదలలేదు. వడదెబ్బ ఎవరికీ తగలలేదంటే అది ఉప్పూ పంచదారా కలిపిన నీటి పుణ్యమే.

వేసవిలో పాతనగరం చూడబోయే కుటుంబాలకు మా అనుభవం మీద నాలుగు మాటలు. తెల్లవారకముందే బయలుదేరండి, ఎండ ముదరకముందే నీడకు చేరండి. సంచి తేలికగా ఉండాలి, నీళ్లు మాత్రం మిగలాలి. గుంపు నడక ముందున్నవారిని బట్టి కాక, వెనుకనున్నవారిని బట్టి సాగాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో పెద్దవారుంటే వారిని కూడా వెంటబెట్టుకు వెళ్లండి. మనం గోడలు చూస్తూంటే, వాటి వెనుక జనం ఎలా బతికారో అడగడం వారికే తోస్తుంది.

వచ్చే ఏడు వానలు తగ్గాక పాకాల వెళ్లాలని మా వాళ్లు అప్పుడే నిర్ణయించారు. అలుగు దూకుతుండగా చూడాలట. ఈసారి జాబితాలో మొదటి పేరు ఎవరిదో చెప్పనక్కరలేదు.