దాచిన ప్రతి – దక్కిన ప్రతి

పూర్వము మన పెద్దలు గ్రంథములను తాటియాకులపై గంటముతో వ్రాసెడివారు. గంటము గీచిన గీతలలో మసి పూసినచో అక్షరములు స్పష్టముగా కనబడును. ఆకులకు రంధ్రములు చేసి, త్రాట గ్రుచ్చి, పైని క్రింద కొయ్యపలకలు కట్టెడివారు. కాని తాటియాకు శాశ్వతము కాదు. పురుగులు తొలుచును, చెదలు తినును, అంచులు విరిగి అక్షరములు రాలిపోవును. కావున పాత ప్రతి శిథిలము కాకమున్నే క్రొత్త ప్రతి వ్రాసికొనుట ఆచారమయ్యెను. ఆ ఆచారము తప్పిన చోట గ్రంథము నశించెడిది.

గ్రామచరిత్రలును ఇట్లే నిలిచినవి. ఊరి పొలిమేరలు, మాన్యములు, చెరువులు, దేవాలయములు మున్నగువాని వృత్తాంతమును కరణములు కవిలెలలో వ్రాసియుంచెడివారు. ఈస్టిండియా కంపెనీని నాటి తెలుగువారు ‘కుంపిణీ’ యనిరి. కుంపిణీ కొలువులో సర్వే అధికారిగా నుండిన కాలిన్ మెకంజీ (1754–1821) కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగు తెలుగువారి తోడ్పాటుతో ఊరూరి వృత్తాంతములను సేకరించెను. ఇవియే కైఫీయతులు. నాటి కవిలెలలో పెక్కు నేడు కానరావు. వాని సారము కైఫీయతులలో మిగిలినది. అసలు పోయినను నకలు దక్కినది.

అయితే నకలునకును కాపు కావలెను. మెకంజీ మరణానంతరము కుంపిణీ ఆ సంపుటములను కొనినది. కాలక్రమమున ఆ కాగితములును శిథిలము కాజొచ్చెను. అప్పుడు వానిని మరల వ్రాయించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించి, 1820లో కుంపిణీ యుద్యోగిగా కడపకు వచ్చెను. తరువాత అచ్చటనే ఒక బంగళా కొని, పండితులను, వ్రాయసగాండ్రను నియమించి, సొంత ధనముతో జీతములిచ్చి, తెలుగు కావ్యములకు ప్రతులు వ్రాయించెను. ఒక్కొక్క కావ్యమునకు పలుచోట్లనుండి ప్రతులు తెప్పించెను. ఏలయన, వ్రాయసగాడు ఒకచోట అక్షరము జారవిడిచినచో ఆ లోపము దానినుండి పుట్టిన ప్రతులన్నిటికిని ప్రాకును. ఒక ప్రతిలో చెడిన పద్యము వేఱొక ప్రతిలో చక్కగా నుండవచ్చును. బ్రౌను పద్యమునకు పద్యము పోల్పించి, భేదములు గుర్తింపించి, పండితులతో చర్చించి, సరియైన పాఠమును నిర్ణయించెను. ప్రతిని దాచుట ఒక యెత్తు. అది సరిగా నున్నదో లేదో పరీక్షించుట మఱొక యెత్తు. ఆయన బంగళా యుండిన తావుననే నేడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రము వెలసియున్నది. కడప జిల్లా కైఫీయతులను ఆ కేంద్రము అచ్చు వేయించినది.

తాటియాకుకన్న రాగి గట్టిది. కడప సీమలోని తాళ్లపాకయందు 15వ శతాబ్దమున జన్మించిన అన్నమాచార్యుని సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయమున దాచబడెను. అవి చిరకాలము మరుగున పడియుండగా, 20వ శతాబ్దమున పండితులు పరిష్కరించి అచ్చు వేయించిరి. వేలకొలది పాటలు దక్కెను. కాని రేకులపై రాగము పేరున్నదే గాని, పాడు తీరును తెలుపు స్వరములు లేవు. పాడువారి పరంపర నడుమ తెగెను. అందుచే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు విద్వాంసులు పెక్కు పాటలకు క్రొత్తగా స్వరములు కూర్పవలసి వచ్చెను. మాట నిలిచినది, వరుస పోయినది.

నేడు కంపెనీల లెక్కలు, బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రుల రికార్డులు కంప్యూటర్లలో నుండును. వానికి తీయు నకలునే బ్యాకప్ అందురు. దీనికిని పై నీతులే వర్తించును. టేపుమీది సమాచారము చెడకున్నను, దానిని చదువు యంత్రము మూలబడినచో ఫలము లేదు. సమాచారమునకు రహస్యపు తాళము వేసి, తాళపు సంకేతమును మఱచినను అంతే. మూలమును నకలును ఒకే యింట నుంచరాదు. వానలు చాలని సీమయని పేరుపడిన కర్నూలును సైతము 2009 అక్టోబరులో తుంగభద్రా, హంద్రీ నదులు పొంగి ముంచివేసెను. అట్టి వరదలో మూలముతోపాటు నకలును పోవును. అందుచే జాగరూకులైన వారు పలు ప్రతులు తీసి, ఒకదానిని దూరపు ఊరిలో నుంచుదురు. అప్పుడప్పుడు దానినుండి సమాచారమును తిరిగి తీసి, అది పూర్తిగా వచ్చుచున్నదో లేదో చూచుకొందురు.

విద్యార్థులారా! మీ యిండ్లలోను పాత దస్తావేజులు, ఉత్తరములు, ఛాయాచిత్రములు ఉండవచ్చును. వానిని పెట్టెలో పెట్టి మఱచిపోకుడు. ఏటేట తీసి చూడుడు, నకలు వ్రాయుడు, చదువలేని చోట్ల తాతయ్యలను, అవ్వలను అడిగి తెలిసికొనుడు. చదువ నేర్చినవారు ఉన్నంత కాలమే వ్రాత బ్రతికియుండును.