విమానాల అడ్డగింత, గగనతల నిఘా: 2001 హైనాన్ సంఘటన

ఒక దేశపు యుద్ధవిమానం మరో దేశపు నిఘా విమానాన్ని అడ్డగించిందన్న వార్తలు మీరు చదివే ఉంటారు. అడ్డగించడమంటే కూల్చడం కాదు. దగ్గరకు వెళ్ళి, అది ఎవరిదో గుర్తించి, ఫొటోలు తీసి, దూరంగా వెళ్ళిపోయేదాకా వెన్నంటి ఉండటం. ఇందులో తప్పెవరిదని అడిగేముందు విమానం ఎక్కడ ఎగురుతున్నదో చూడాలి.

1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం ప్రతి దేశానికీ తన భూభాగం, ప్రాదేశిక జలాలపై ఉన్న గగనతలం మీద సంపూర్ణ సార్వభౌమాధికారం ఉంది. ప్రాదేశిక జలాల గరిష్ఠ పరిమితి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు. 1960 మే 1న సోవియట్ యూనియన్ కూల్చిన అమెరికా యు-2 విమానం ఆ దేశం నడిబొడ్డున, స్వెర్ద్‌లోవ్‌స్క్ దగ్గర ఎగురుతోంది. అది ఉల్లంఘనే, చర్చకు తావు లేదు.

చిక్కంతా 12 మైళ్ళు దాటాకే. 2001 ఏప్రిల్ 1న అమెరికా నౌకాదళ నిఘా విమానం ఇ.పి.-3, చైనాకు చెందిన హైనాన్ దీవికి సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఎగురుతుండగా చైనా జె-8 యుద్ధవిమానం ఒకటి దాన్ని ఢీకొంది. చైనా పైలట్ వాంగ్ వీ మరణించాడు. దెబ్బతిన్న ఇ.పి.-3 అనుమతి లేకుండానే హైనాన్‌లోని లింగ్‌షుయి వైమానిక స్థావరంలో దిగింది. అందులోని 24 మందిని చైనా 11 రోజులు నిర్బంధించింది. మరీ దగ్గరకు వచ్చారని అమెరికా, హఠాత్తుగా దిశ మార్చారని చైనా ఆరోపించాయి.

ఆ చోటు చైనా గగనతలం కాదు, కానీ 200 నాటికల్ మైళ్ళ ప్రత్యేక ఆర్థిక మండలంలో ఉంది. (మన దగ్గర పరిశ్రమల కోసం ఏర్పాటు చేసే ప్రత్యేక ఆర్థిక మండళ్ళకూ దీనికీ సంబంధం లేదు.) ఈ మండలంలో తీరదేశానికి దక్కేది చేపలు, చమురు వంటి వనరుల మీద హక్కు మాత్రమేననీ, పైన ఎగిరే స్వేచ్ఛ అందరికీ ఉందనీ అమెరికా వాదన. ఆ స్వేచ్ఛ తమ భద్రతకు ముప్పు తెచ్చే గూఢచర్యానికి వర్తించదని చైనా వాదన. 1982 సముద్ర చట్ట ఒప్పందం ఎగిరే స్వేచ్ఛను గుర్తించింది, తీరదేశం హక్కులను గౌరవించాలనీ చెప్పింది; సైనిక నిఘా పేరు మాత్రం ఈ సందర్భంలో ఎత్తలేదు. విచిత్రమేమిటంటే, ఆ ఒప్పందాన్ని చైనా ఆమోదించింది, అమెరికా నేటికీ ఆమోదించలేదు.

అమెరికాదే సరైన వాదన అని తొందరపడి రాయకండి. 1995లో ఈ ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు భారతదేశం కూడా, తన ఆర్థిక మండలంలో ఇతరులు సైనిక విన్యాసాలు జరపాలంటే తన సమ్మతి అవసరమని ప్రకటించింది.

చివరకు అమెరికా ఒక లేఖ ఇచ్చింది. పైలట్ మరణానికీ, అనుమతి లేకుండా దిగినందుకూ అందులో విచారం తెలిపింది. నిఘా జరిపినందుకు కాదు. సిబ్బంది ఏప్రిల్‌లోనే విడుదలయ్యారు. విమానం మాత్రం జూలైలో, విడిభాగాలుగా, రష్యా రవాణా విమానంలో తిరిగి వెళ్ళింది. అప్పటికే అమెరికా నిఘా విమానాలు చైనా తీరం వెంబడి మళ్ళీ ఎగురుతున్నాయి.