సాగు వీరిది... సంతకం వారిది!

డెల్టాలో కౌలు రైతుకు అందని గుర్తింపు

దాళ్వా కోతలు ముగిశాయంటే గోదావరి డెల్టా పల్లెల్లో కౌలు మాటలు మొదలవుతాయి. కామందు ఇంటి అరుగు మీద కూర్చుని ఎకరాకు ఇన్ని బస్తాలని ఒప్పుకుంటారు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. నోటిమాటే దస్తావేజు. యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే ఆ మాట కూడా ఫోనులోనే అయిపోతుంది.

అలా చేలోకి దిగిన వారిలో నిన్నటి వ్యవసాయ కూలీలే ఎక్కువ. ఆకుమడి మొదలు నూర్పిడి దాకా పెట్టుబడి వారిదే, నష్టమూ వారిదే. అయితే సర్కారు రికార్డుల్లో మాత్రం వారి పేరు కనిపించదు.

చట్టం లేక కాదు. 1956లోనే ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం వచ్చింది. కౌలు రాతపూర్వకంగా ఉండాలని, గడువు కనీసం ఆరేళ్లని, భూమి అమ్మితే కొనే అవకాశం ముందుగా కౌలుదారుకే ఇవ్వాలని అందులో ఉంది. 1974 సవరణతో నీటి వసతి గల భూమికి కౌలు పంటలో 30 శాతం మించరాదన్నారు. ఎకరాకు 30 బస్తాలు పండాయనుకుందాం. చట్టం లెక్కన కౌలు 9 బస్తాలు. 9 బస్తాలకు చేను ఇచ్చే కామందు మన ఊళ్లో ఎవరైనా ఉన్నారేమో పాఠకులే చెప్పాలి. 15 బస్తాలు కొలిచి ఇస్తే, 2024-25 మద్దతు ధర క్వింటాలు రూ.2,300 చొప్పున 75 కిలోల బస్తా రూ.1,725. అంటే రూ.25,875 కౌలుకే పోతుంది. మిగిలిన సగంలోనే దుక్కి, ఊడ్పులు, ఎరువు, కోత మిషను బాడుగ, అప్పు మీద వడ్డీ అన్నీ వెళ్లాలి. అందుకే చాలాచోట్ల సార్వా కౌలుకు, దాళ్వా కడుపుకు అంటారు.

ఇందులో యజమానులనే తప్పుపట్టి లాభం లేదు. రెండెకరాలున్న వితంతువూ, రిటైరైన పంతులుగారూ కూడా కౌలుకిస్తారు. కాగితం రాస్తే భూమి చేజారుతుందన్న భయం 1956 చట్టం నాటిదే. రక్షణకని పెట్టిన చట్టమే కౌలును చాటుకు నెట్టింది.

ఆ భయం పోగొట్టడానికే 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చారు. యజమాని హక్కుకు భంగం ఉండదని అందులోనే రాశారు. యజమాని సంతకం అక్కర లేకుండానే ఏడాదికి చెల్లే రుణ అర్హత కార్డు ఇవ్వవచ్చన్నారు. తొలి ఏడు ఉమ్మడి రాష్ట్రంలో 5 లక్షలకు పైగా కార్డులు పంచారు. కార్డు పట్టుకుని బ్యాంకుకు వెళితే ఎదురైన ప్రశ్న ఒకటే: ఈ సర్వే నంబరు మీద యజమాని ఇదివరకే అప్పు తీసుకున్నాడు, మళ్లీ నీకెలా ఇస్తాం? దాంతో కౌలు రైతు ఎరువుల కొట్టుకో, ధాన్యం కమీషను వ్యాపారి దగ్గరికో తిరిగి వచ్చాడు. అప్పిచ్చిన వ్యాపారికే ధాన్యం కొలవాలి. అప్పుడిక మద్దతు ధర అడిగే నోరెక్కడిది?

అదే 2011 సార్వాలో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదంటూ పంట విరామం ప్రకటించారు. ఆ ఏడు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర రూ.1,080. దేశమంతా చెప్పుకుంది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. భూమి ఉన్నవారికి విరామం నిరసన. కౌలుకు చేసే వాడికీ, ఊడ్పుల కూలికి వెళ్లే ఆడవాళ్లకూ అది పని లేని సీజను. ఈ సంగతి నాడు ఎక్కువగా చర్చకు రాలేదు.

2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చి 2011 చట్టం స్థానంలో నిలిచింది. ఇందులో 11 నెలల ఒప్పందానికి యజమాని సంతకం తప్పనిసరి చేశారు. కథ మొదటికొచ్చింది. అదే ఏడు మొదలైన రైతు భరోసాలో రూ.13,500 భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు వర్తింపజేశారు. మిగతా కులాల కౌలుదారులను వదిలేశారు. వర్తించిన వారికీ కార్డు ఉండాలి, కార్డుకు సంతకం కావాలి.

2023 డిసెంబరు తొలి వారంలో మిచాంగ్ తుపాను వచ్చింది. కోసిన సార్వా పనలు చేలోనే నానిపోయాయి. ఇలాంటప్పుడే కార్డు విలువ తెలిసేది. పేరు నమోదు కాకపోతే పరిహారం పాస్‌బుక్కు ఉన్నవారి ఖాతాలో పడుతుంది. మంచివాడైతే తెచ్చి ఇస్తాడు. ఇవ్వకపోతే అడిగేందుకు కౌలుదారు దగ్గర చీటీ ముక్క ఉండదు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను మరొకరికి పోతుంది.

కౌలు రైతు సంఘాలు తహసీల్దారు కార్యాలయాల ముందు ధర్నాలు చేస్తూ వచ్చింది ప్రధానంగా ఈ సంతకం మీదే. వీఆర్వో చేలోకి వచ్చి, ఎవరు దున్నుతున్నారో ఇరుగుపొరుగు గట్టు రైతులను విచారించి, గ్రామసభలో చదివి కార్డు ఇవ్వాలన్నది వారి కోరిక. ఏ చేను ఎవరు చేస్తున్నారో ఊరందరికీ తెలిసిందే. 11 నెలలు గడిచాక మాత్రం కౌలు రైతు మళ్లీ ఆ అరుగు దగ్గరికే వెళ్లి, అదే సంతకం కోసం నిలబడాలి.