బిల్లింగ్ తెర మీద 13 శాతం చిక్కు

ప్యాకెట్ సరుకుల బార్‌కోడ్‌లో సాధారణంగా ధర ఉండదు. ఆ అంకెలు వస్తువు ఏదో మాత్రమే చెబుతాయి. ధర, పన్ను, డిస్కౌంట్ దుకాణం కంప్యూటర్‌లోని ఐటెం జాబితా నుంచి వస్తాయి.

2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ మండలి కొత్త రేట్లు ఖరారు చేసింది. అమలు 22 నుంచి. ఆ జాబితా సరిచేసుకోవడానికి వ్యాపారులకు దక్కింది మూడు వారాల లోపే. షాంపూ, సబ్బు, టూత్‌పేస్ట్‌లపై పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. ప్యాకెట్ మీద పాత ఎంఆర్‌పీ, తెర మీద వేరే ధర. కౌంటర్ దగ్గర వాదన తప్పుతుందా!

చిక్కంతా లెక్కలో ఉంది. 118 రూపాయల షాంపూలో అసలు విలువ 100, పన్ను 18. కొత్త ధర 105 కావాలి. పన్నుతో కలిపిన ధరను కదపకుండా రేటు ఒక్కటే మారిస్తే సాఫ్ట్‌వేర్ 118నే అడుగుతుంది, అసలు విలువను 112.38గా చూపుతుంది. కొనేవారికి పైసా తగ్గదు. పోనీ, డిస్కౌంట్ గడిలో 13 వేస్తే? బిల్లు 102.66 అవుతుంది, అందులో పన్ను పోగా వ్యాపారికి మిగిలేది 97.77. సీసాకు 2 రూపాయల 23 పైసల నష్టం.

పన్ను శాతం అసలు విలువ మీద లెక్క, ఎంఆర్‌పీ మీద కాదు. అందుకే ఎంఆర్‌పీలో తగ్గేది సుమారు 11 శాతమే. ఇలాంటి సరుకులకు పాత ధరను 118తో భాగించి 105తో హెచ్చించాలి, ఆ తర్వాతే పన్ను రేటు మార్చాలి.