చెరువు పూడికకు ఏ యంత్రము చౌక?

వేసవి ముదిరి చెరువు ఎండగానే గ్రామములలో పూడిక తీయు ప్రయత్నములు మొదలగును. పూర్వము పలుగు, పార, తట్టలతోను ఎడ్లబండ్లతోను నెలల తరబడి సాగిన పని నేడు యంత్రముల సాయముతో కొలది దినములలో ముగియుచున్నది. తెలంగాణలో 2015 మార్చి 12వ తేదీన సదాశివనగరమున ప్రారంభమైన మిషన్ కాకతీయ పనులలో యంత్రములు పూడికను త్రవ్వగా, రైతులు ఆ ఒండ్రుమట్టిని ట్రాక్టర్లపై తమ పొలములకు తోలుకొనిరి.

అయితే యంత్రము వచ్చినంత మాత్రమున సొమ్ము ఆదా కాదు. పనికి తగని యంత్రమును పిలిపించినచో సగము చెరువు మిగిలియుండగనే నిధులు తరిగిపోవును. అంతలో తొలకరి వచ్చి పడును. కావున బాడుగ మాట్లాడుటకు ముందే పంచాయతీ సభ్యులు కొన్ని విషయములను గ్రహించుట అవసరము.

ఏ యంత్రము ఏ పనికి?

జనులు జె.సి.బి. అని పిలుచు యంత్రము నిజమునకు బ్యాక్‌హో లోడరు; జె.సి.బి. అనునది ఒక తయారీ సంస్థ పేరు. దీనికి ముందువైపు మట్టి ఎత్తు వెడల్పు బకెట్, వెనుకవైపు త్రవ్వు చేయి ఉండును. రబ్బరు చక్రములపై తానే రోడ్డుమీద నడచి వచ్చును. పంటకాలువ, మురుగుకాలువ, చిన్న కుంట మొదలగు చిన్న పనులకు ఇది అనుకూలము. తడి ఒండ్రులో మాత్రము చక్రములు దిగబడును.

చైను మిషను లేక పొక్లెయిన్ అని వాడుకలో నున్న ఎక్స్‌కవేటరు ఇనుప పట్టాలపై నడచును. దాని బరువు వెడల్పైన పట్టాలపై పరచుకొనుటచే మెత్తని నేలలోను నిలువగలదు. 20 టన్నుల తరగతి యంత్రపు బకెట్‌లో సుమారు 1 ఘనపు మీటరు మట్టి పట్టును. కాని దీనిని ట్రైలరు లారీపై తీసికొనిరావలెను. పని చిన్నదైనను పెద్దదైనను ఆ రానుపోను ఖర్చు ఒక్కటే.

బుల్‌డోజరు మట్టిని నెట్టునే గాని బండిలోనికి ఎత్తదు. నెట్టవలసిన దూరము సుమారు 100 మీటర్లు దాటినచో అది గిట్టుబాటు కాదు.

గంట బాడుగ చూచి మోసపోరాదు

చూడవలసినది గంటకు ఎంత అని కాదు, ఘనపు మీటరు మట్టికి ఎంత అని. ఇందుకొక ఊహాలెక్క. జె.సి.బి. బాడుగ గంటకు 1,200 రూపాయలు, చైను మిషను 2,400, ట్రాక్టరు 600 అనుకొందము. ఒక ట్రాలీకి 3 ఘనపు మీటర్ల మట్టి పట్టును. పొలమునకు పోయి, దింపి, తిరిగి వచ్చుటకు 23 నిమిషములు. ట్రాలీ నింపుటకు జె.సి.బి.కి 7 నిమిషములు, చైను మిషనుకు 2 నిమిషములు పట్టును.

జె.సి.బి.తో 4 ట్రాక్టర్లు నడచినచో గంటకు 24 ఘనపు మీటర్లు కదలును. మీటరుకు 150 రూపాయలు పడును. అవే 4 ట్రాక్టర్లతో చైను మిషను పెట్టినచో కదలునది సుమారు 29 మాత్రమే. ఖర్చు 167 రూపాయలు. యంత్రము అధిక భాగము బండ్ల కొరకు కాచుకొని నిలిచియుండుటయే కారణము. అదే చైను మిషనుకు 10 ట్రాక్టర్లు కూర్చినచో గంటకు 72 ఘనపు మీటర్లు కదలి, ఖర్చు 117 రూపాయలకు తగ్గును. అప్పుడు జె.సి.బి.కంటె మీటరుకు 33 రూపాయలు మిగులును. ట్రైలరు ఖర్చు 16,000 రూపాయలైనచో, సుమారు 485 ఘనపు మీటర్లు దాటిన పిమ్మటనే ఆ లాభము చేతికి వచ్చును. అంతకు తక్కువ పనికి జె.సి.బి.యే చౌక.

ఈ అంకెలు ఉదాహరణకే. మీ ఊరి బాడుగలను, దూరమును, దొరకు ట్రాక్టర్ల సంఖ్యను వేసి ఈ పద్ధతినే లెక్కించుకొనుడు.

కొలతలు, ఒడంబడిక

త్రవ్విన మట్టి పొంగును. నేలలోని 1 ఘనపు మీటరు బండిలో సుమారు 1.25 అగును. కనుక ట్రాలీల లెక్కను అంచనా కొలతతో నేరుగా పోల్చరాదు. పనికి ముందు, పిమ్మట ఇంజనీరుచే మట్టములు తీయించవలెను. గంటల లెక్కన చెల్లించునపుడు యంత్రములోని గంటల మీటరును ఉదయసాయంకాలములు ఇద్దరు సభ్యుల ఎదుట వ్రాసికొనవలెను. డీజిలు, డ్రైవరు బత్తా, మరమ్మతు కాలము ఎవరి ఖాతాలోనివో ముందే కాగితముపై నుండవలెను.

చౌక పేరిట చెరువునకు చేటు కలుగరాదు. కట్ట అడుగునను తూము చెంతను అనుమతి లేక త్రవ్వించరాదు. ఒండ్రుపొర దాటి ఇసుకపొర బయటపడునంత లోతునకు పోయినచో నీరు ఇంకిపోవును.

మరియొక సంగతి. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము కంట్రాక్టర్లను నిషేధించి, కూలీల పనిని హరించు యంత్రములను సాధ్యమైనంతవరకు వాడరాదని విధించెను. కూలి నిధులతో జరుగు ఏ పనికైనను యంత్రమును పిలుచుటకు ముందు ప్రస్తుత నిబంధనలను మండల అధికారులనుండి తెలిసికొనుట విధి.

పంచాయతీ సొమ్ము ప్రజల సొమ్ము. ఒక పూట కూర్చుండి కాగితముపై లెక్క వేసికొన్నచో అదే సొమ్ముతో మరికొన్ని వందల బండ్ల పూడిక పొలములకు చేరును. చెరువులో అంత మేర నీరు నిలుచును.