శంఖం వినపడకపోతే తప్పెవరిది? అప్పనపల్లి వరద హెచ్చరికతో చిన్నారులకు నేర్పాల్సిన డిజిటల్ పాఠం

గోదావరికి వరదొస్తే కోనసీమలో తరచూ వినిపించే పేర్లలో అప్పనపల్లి ఒకటి. మామిడికుదురు మండలంలో వైనతేయ ఒడ్డున ఉన్న ఈ ఊరు మామూలు రోజుల్లో బాల బాలాజీ గుడితో గుర్తొస్తుంది. వరద రోజుల్లో మాత్రం కాజ్‌వే మీదకి నీళ్లొచ్చాయన్న వార్తతో గుర్తొస్తుంది.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జులైలో ఈ లెక్క ఏకంగా 25 లక్షలు దాటింది. కోనసీమ లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి.

సరే, హెచ్చరిక ఇచ్చారు. అది అందరికీ చేరిందా? అసలు ప్రశ్న ఇదే.

ఒక్కసారి ఊహించండి. రాత్రి పూట ఊరి వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫొటో వచ్చింది. ఎర్రటి డబ్బాలో తెల్లటి అక్షరాలు. "కాజ్‌వే మీద రాకపోకలు బంద్" అని ఉంది. చూపున్నవాళ్లు ఒక్క క్షణంలో చదివేస్తారు. చూపు లేని తాతయ్య ఫోన్ మాత్రం "ఇమేజ్" అని పలికి ఊరుకోవచ్చు. పోనీ వీధిలో మైకు పెట్టి చెప్పారు. వినికిడి లేని అక్కకి అది చేరదు. గ్రూపులో ఇంగ్లిష్ బులెటిన్ పెట్టారు. చదువు రాని మామ్మకి అది ఉన్నా లేనట్టే.

ముగ్గురికీ ఫోన్ ఉంది, నెట్ ఉంది, కబురు కూడా వచ్చింది. అయినా అందలేదు. ఈ తేడాని సరిచేసే పనినే డిజిటల్ యాక్సెసబిలిటీ అంటున్నారు. దీన్ని ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు నేర్పొచ్చా? నేర్పొచ్చు. కంప్యూటర్ ల్యాబ్ లేకపోయినా నేర్పొచ్చు. ఎలాగో చూద్దాం.

అసలేంటీ ఇన్‌క్లూజివ్ డిజైన్?

సింపుల్‌గా చెప్పాలంటే, ఒక వస్తువు తయారు చేసేటప్పుడే "దీన్ని వాడలేక ఎవరు బయట ఉండిపోతారు?" అని అడగడం. స్కూలు మెట్ల పక్కన ర్యాంపు కడితే చక్రాల కుర్చీలో వచ్చే పిల్లాడికే కాదు, మోకాళ్ల నొప్పులున్న టీచరమ్మకీ, మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు తోసుకొచ్చే వాళ్లకీ పనికొస్తుంది. ఇదే ఆలోచనని ఫోన్లు, యాప్‌లు, వెబ్‌సైట్లు, వీడియోల్లోకి తెస్తే డిజిటల్ యాక్సెసబిలిటీ అవుతుంది.

తెలుగులో ఒక సామెత ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని. ఇన్నాళ్లూ ఆ సామెతలో లోపం వినేవాడిదే అనుకున్నాం. ఇన్‌క్లూజివ్ డిజైన్ దాన్ని తిరగేస్తుంది. వినపడని మనిషి ముందు నిలబడి శంఖమే ఎందుకు ఎంచుకున్నావ్? చెయ్యి ఊపొచ్చు కదా, బోర్డు చూపించొచ్చు కదా అని ఊదేవాణ్ని అడుగుతుంది. పిల్లలకు నేర్పాల్సిన పాఠం మొత్తం ఈ ఒక్క ప్రశ్నలో ఉంది.

చిన్న తరగతుల్లోనే ఎందుకు?

ఆరేళ్ల పిల్లలు ఆట మొదలెట్టే ముందే రూల్స్ మార్చేస్తారు. తమ్ముడు చిన్నోడైతే "వీడు ఆటలో అరటిపండు" అని చెప్పి కలుపుకుంటారు. అందరూ ఆడేలా ఆటని మార్చడం వాళ్లకి కొత్త కాదు. కాకపోతే అరటిపండు ఉత్తుత్తి ఆటగాడు. అతన్ని నిజం ఆటగాడిని చేయాలంటే రూల్ ఎలా మార్చాలి? అక్కడి నుంచి పాఠం మొదలవుతుంది.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు, నిధులు ఉన్న స్కూళ్లు దివ్యాంగ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకుని, అందరితో కలిపి చదివించాలి. 39వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. వైకల్యం గురించి, వాళ్ల హక్కుల గురించి స్కూలు స్థాయి నుంచే అవగాహన కల్పించాలంది. అంటే ఈ పాఠం ఒక్క దివ్యాంగ పిల్లల కోసం కాదు, పక్క బెంచీ పిల్లల కోసం కూడా.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. అప్పటికి చట్టం గుర్తించిన రకాలు ఇంకా తక్కువ. అదీ కాక వయసుతో చూపు తగ్గినవాళ్లు, చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. కానీ ఫోన్ దగ్గర వాళ్లకొచ్చే ఇబ్బంది కూడా అలాంటిదే.

కళ్లు ఆర్పమంటే ఆర్పలేనివాళ్ల సంగతేంటి?

బ్యాంకు ఖాతాకీ, సిమ్ కార్డుకీ ఇప్పుడు ఫోన్‌లోనే కేవైసీ చేస్తున్నారు. "కెమెరా వైపు చూసి కళ్లు ఆర్పండి" అంటుంది యాప్. యాసిడ్ దాడిలో కళ్లు, ముఖం దెబ్బతిన్నవాళ్లు ఏం చేయాలి? ఈ ప్రశ్నతోనే బాధితులు సుప్రీంకోర్టుకెళ్లారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు కీలక తీర్పు ఇచ్చింది. డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. కేవైసీ పద్ధతులు మార్చడానికి 20 ఆదేశాలిచ్చింది.

ఆ యాప్ తయారుచేసిన ఇంజినీరు చెడ్డవాడేం కాకపోవచ్చు. కళ్లు ఆర్పలేని మనిషి ఒకరుంటారని అతనికి తట్టలేదంతే. చిన్నప్పుడు ఎవరైనా ఆ ప్రశ్న నేర్పి ఉంటే తట్టేదేమో.

క్లాసులో ఎలా నేర్పాలి? ఇవిగో ఐదు ఆటలు

1. బొమ్మ చెప్పు, గీసి చూపు: ఇద్దరు పిల్లలు వీపులు ఆనించి కూర్చోవాలి. ఒకరి చేతిలో ఫొటో. గుడి గోపురం, ఏరు, కొబ్బరిచెట్లు, రేవులో పడవ.. ఏదైనా సరే. చూస్తున్నవాళ్లు మాటల్లో చెప్పాలి, రెండోవాళ్లు గీయాలి. "ఒక బొమ్మ ఉంది" అంటే ఎవరూ గీయలేరు. "ఏటి ఒడ్డున గోపురం, పక్కన ఖాళీ పడవ" అంటే గీస్తారు. వెబ్‌సైట్లలో ఫొటో వెనక రాసే వివరణ, అంటే ఆల్ట్ టెక్స్ట్, ఇదే. చూపు లేనివాళ్ల ఫోన్ ఆ వివరణనే చదివి వినిపిస్తుంది.

2. రంగు తీసేసి చూడు: వాతావరణ శాఖ హెచ్చరికలకు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు వాడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియనివాళ్లు మన మధ్యే ఉంటారు, ముఖ్యంగా మగవాళ్లలో. పిల్లలతో రంగురంగుల హెచ్చరిక బోర్డు గీయించి, ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూపించండి. ఏది ప్రమాదమో ఇంకా తెలుస్తోందా? తెలియకపోతే రంగుతో పాటు మాట, గుర్తు కూడా పెట్టాలని వాళ్లే చెబుతారు. తెల్ల కాగితం మీద పసుపు క్రేయాన్‌తో రాయించి గది చివర నుంచి చదివించండి. అక్షరానికీ, దాని వెనక రంగుకీ తేడా ఎందుకుండాలో తెలిసిపోతుంది. వెబ్‌సైట్లకు ప్రపంచమంతా పాటించే ప్రమాణాల్లో మామూలు సైజు అక్షరాలకు ఈ తేడా కనీసం 4.5కి 1 ఉండాలని రాసుంది.

3. సౌండ్ లేని వార్తలు: టీవీలోనో, ఫోన్‌లోనో ఒక వార్త క్లిప్‌ని మ్యూట్‌లో చూపించండి. ఏం జరిగిందో పిల్లల్ని చెప్పమనండి. ఎవరికి తోచిన కథ వాళ్లు చెబుతారు. తర్వాత సౌండ్‌తో చూపించండి. కింద అక్షరాలు ఎందుకు కావాలో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. బస్సులో సౌండ్ ఆపేసి వీడియో చూసే నాన్నకి కూడా ఆ క్యాప్షన్లే దిక్కు.

4. గుడ్ల ట్రేలో బ్రెయిలీ: కోడిగుడ్ల అట్ట ట్రే నుంచి రెండు వరుసలు, వరుసకి మూడు గుంటల చొప్పున ముక్క కత్తిరించండి. ఆరు గుంటలు, అదే బ్రెయిలీ గడి. ఎడమ వరుసలో పైనుంచి కిందకి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6. చింతపిక్కలు వేస్తే అక్షరాలొస్తాయి. భారతి బ్రెయిలీలో 1వ గుంటలో వేస్తే 'అ'. 1, 3లో వేస్తే 'క'. 1, 2, 3లో వేస్తే 'ల'. ఇక 'కల' అని రాసేయొచ్చు. ఫ్రాన్స్‌కి చెందిన లూయీ బ్రెయిలీ ఈ లిపికి రూపమిచ్చేనాటికి అతనికి 15 ఏళ్లే. పిల్లలకు ఆ మాట తప్పకుండా చెప్పండి.

5. ఫోన్ మాట్లాడితే: ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీలోకి వెళ్తే టాక్‌బ్యాక్ ఉంటుంది. ఆన్ చేస్తే వేలు పెట్టిన చోట ఏముందో ఫోన్ చదువుతుంది. తెలుగు గొంతు కూడా వస్తుంది. ఒక్క హెచ్చరిక, ఇది ఆన్‌లో ఉంటే ఒకసారి కాదు, రెండుసార్లు తట్టాలి. టీచరు ముందుగా ఎలా ఆపాలో నేర్చుకున్నాకే క్లాసులో చూపించాలి. కంప్యూటర్ ఉన్న బడి అయితే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ వేసుకోవచ్చు.

తెలుగుకి ప్రత్యేకంగా ఒక తలనొప్పి

ఇక్కడ పెద్దలు కూడా నేర్చుకోవాల్సింది ఉంది. పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు మన కంటికి తెలుగులాగే కనిపిస్తుంది. కంప్యూటర్‌కి మాత్రం అవి వేరే గుర్తులు. స్క్రీన్ రీడర్ దాన్ని చదివితే అర్థం లేని శబ్దాలొస్తాయి. యూనికోడ్‌లో టైప్ చేస్తే ఈ బాధ లేదు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, ఫొటోగా పంపే సర్క్యులర్లు కూడా అంతే. మా లాంటి న్యూస్ సైట్ల వాళ్లం హెడ్డింగ్‌ని ఫొటో మీద రాసి పోస్ట్ చేసిన ప్రతిసారీ ఇదే తప్పు చేస్తున్నట్టు లెక్క. అదే మాటని కింద అక్షరాల్లో కూడా పెడితే సరిపోతుంది. అర నిమిషం పని.

ఈ పొరపాటు మాత్రం చేయొద్దు

చాలా చోట్ల పిల్లల కళ్లకు గంతలు కట్టి "చూపు లేకపోతే ఇలా ఉంటుంది" అని నడిపిస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ ఐదు నిమిషాల గంతల్లో పిల్లలకు తెలిసేది భయం, జాలి. చూపు లేని మనిషి ఏళ్ల తరబడి నేర్చుకున్న నేర్పు అందులో కనపడదు. అందుకే పై ఆటలన్నీ మనిషిలో లోపం కాకుండా వస్తువులో లోపం వెతికేలా ఉన్నాయి.

ఇంకోటి, క్లాసులో దివ్యాంగ పిల్లాడుంటే వాణ్ని నిలబెట్టి ఉదాహరణగా చూపించొద్దు. "ఈ బోర్డు నీకెలా ఉంది, ఏం మారిస్తే బాగుంటుంది?" అని మిగతా అందరితో పాటే అడగాలి. వైకల్యాన్ని బట్టి పెట్టే వెక్కిరింపు పేర్లు కూడా అక్కడే ఆగిపోవాలి. రాష్ట్రంలో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో రోజూ పనిచేసే టీచర్లు అక్కడుంటారు. ఈ పాఠానికి వాళ్ల సాయం తీసుకోవచ్చు.

దారి ఇస్తే ఎంత దూరం వెళ్తారు?

మన పక్కనే ఉదాహరణ ఉంది. మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకి పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు కుదరదన్నారు. న్యాయపోరాటం చేసి మరీ చేరారు. పాఠాలు ఆడియోలో విని చదివారు. అమెరికాలోని ఎంఐటీ దాకా వెళ్లారు. తిరిగొచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి ఎంతోమంది దివ్యాంగులకు ఉద్యోగాలిచ్చారు. ఆయన జీవితం మీద 2024లో హిందీ సినిమా కూడా వచ్చింది. అందరూ ఆయన పట్టుదల గురించే చెబుతారు, నిజమే. కానీ పాఠం ఆడియోలోకి మారింది కాబట్టే ఆ పట్టుదలకి దారి దొరికింది. ప్రతి పిల్లాడూ కోర్టుకెళ్లలేడు కదా.

చివరి పరీక్ష: వరద మెసేజ్

ఐదు ఆటలూ అయ్యాక ఐదో తరగతి పిల్లలకు ఒకే ఒక్క ప్రాజెక్టు ఇవ్వండి. "కాజ్‌వే మునిగింది, అటు వెళ్లొద్దు" అనే కబురు ఊళ్లో అందరికీ చేరేలా తయారు చేయండి అని. ఫొటోతో పాటు అదే విషయం తెలుగులో టైప్ చేసిన మెసేజ్. చదవలేనివాళ్ల కోసం ఇరవై సెకన్ల వాయిస్. వినపడనివాళ్ల కోసం వీధి మొదట్లో బొమ్మతో బోర్డు. ఫోనే లేని ఇంటికి ఎవరు వెళ్లి చెప్పాలో ఒక లిస్టు. ఆ లిస్టు రాసేటప్పుడే పిల్లలకి తమ వీధిలో ఎవరున్నారో మొదటిసారి పూర్తిగా తెలుస్తుంది.

దీనికి ఖర్చు లేదు. ఒక ఫోన్, నాలుగు చార్టులు, గుడ్ల ట్రే, గుప్పెడు చింతపిక్కలు చాలు. గోదావరికి మళ్లీ వరదొస్తుంది. అప్పుడు గ్రూపులో ఫొటో పడగానే "మరి తాతయ్యకి ఎలా తెలుస్తుంది?" అని ఇంట్లో ఒక పిల్లో, పిల్లాడో అడిగితే పాఠం ఒంటబట్టినట్టే.