గోదారమ్మ ఒడిలో... జాగ్రత్తగా!

సెలవులకు రాజమండ్రి వెళ్తున్నారా? పుష్కర ఘాట్‌లో స్నానం చేసి వచ్చేస్తే ఎలా? దగ్గర్లోనే ధవళేశ్వరం. 1852లో కాటన్ దొర అక్కడ ఆనకట్ట కట్టించబట్టే ఈ డెల్టా అన్నపూర్ణ అయింది. ఆయన పేరిట ఉన్న మ్యూజియం పిల్లలకు చూపించండి. బ్యారేజీ దాటి ఆత్రేయపురం వెళ్తే పూతరేకులు చుట్టే ఆడవాళ్ళ చేతివాటం చూసి ముచ్చటపడతారు.

ఇక పాపికొండలు! రెండు కొండల నడుమ లాంచీలో వెళ్తుంటే ఆ అందమే వేరు. కానీ ఒక్క మాట. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదారిలో పర్యాటకుల బోటు మునిగి పదుల మంది చనిపోయారు. అందుకే వరద రోజుల్లో వద్దు, చలికాలంలో వెళ్ళండి. లైఫ్ జాకెట్లు ముందు పిల్లలకు, ఆపైన మీరూ వేసుకోండి. ఉక్కపోస్తోందని విప్పారో... ఫోటో కోసమైనా సరే, ఒప్పుకోకండి!